కారం లేని పూట

యంత్రం చెప్పిన పాళ్లలో కలిపిన మొదటి గ్లాసు వైను నోట్లో పోసుకుని లూర్దమ్మ ముందు కళ్లు మూసుకుంది. తర్వాత పొలమారి దగ్గింది. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఇది వైనేందే తల్లీ! గోంగూర పులుసు కలిపి తెచ్చి మీ మామ వైనంటావా?"

జసింతకు నవ్వు రాలేదు. తనూ ఓ గుక్క తాగి చూసింది. అత్త అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. నాలుక చివర పులుపు చుర్రుమంది, గొంతులో ఘాటు దిగబడి కూర్చుంది. రెండేళ్లుగా తిండీ నిద్రా మానుకుని ఆమె తయారుచేసిన యంత్రం ఇదా చెప్పింది?

నుస్రత్ వైపు చూసింది. యంత్రాన్ని నడిపేది నుస్రతే. ఆ పిల్ల వైను ముట్టదు. తెర మీద అంకెలే ఆమెకు రుచి.

"అంకెలు మంచిగనే ఉన్నయక్కా," అంది నుస్రత్. "అమ్మ దిమాగ్‌ల ఏమున్నదో అదే తీసింది. పులుపు కనిపిస్తే మిక్సరు బెంగళూరు బ్లూ ద్రాక్ష వైను పోసింది. ఘాటు కనిపిస్తే షిరాజ్ పోసింది. దాని తప్పేమున్నది?"

జసింత నుదురు కొట్టుకుంది. అత్త జ్ఞాపకంలోంచి యంత్రం చదివింది ఉత్త వైను రుచిని కాదు. వైనుతో పాటు పళ్లెంలో ఉన్నదాన్నంతా చదివేసింది.

"గోంగూర మటనత్తా! పందిరి కూలిన రోజు నువ్వు వండింది అదే కదా. వానకి అందరం పళ్లాలు పట్టుకుని ట్రాక్టరు ట్రక్కు కిందకి దూరితే, మామ మోకాళ్ల మీద పాకుతూ అందరికీ వైను పోశాడు."

లూర్దమ్మ నవ్వుతూనే అడిగింది. "ఏ పందిరే? పందిరెప్పుడు కూలింది?"

జసింత చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఇలా జరుగుతుందని ఆమెకు తెలుసు. అత్తకు చెప్పి, ఒప్పించి మరీ కుర్చీలో కూర్చోబెట్టింది. అయినా ఆ మాట అత్త నోట వినడం వేరు. నిన్నటి దాకా తలుచుకుని తలుచుకుని నవ్విన రోజు అది.

*

ఎర్రమెట్ట తోట సంగతి చెప్పకపోతే ఈ పిచ్చంతా ఎందుకో అర్థం కాదు.

హైదరాబాదుకు ఉత్తరాన, మేడ్చల్ దాటాక, ఇప్పుడు చూపు ఆనినంత మేర అపార్టుమెంట్లున్న చోట ఒకప్పుడు ద్రాక్షతోటలుండేవంటే ఈ కాలం పిల్లలు మన మొహం వింతగా చూస్తారు. ఉండేవి. గుంటూరు వైపు నుంచి వచ్చి భూములు కొన్న కుటుంబాలు రాతిస్తంభాలు పాతి, తీగెలు లాగి, పందిళ్లు వేసి ద్రాక్ష పండించాయి. అందరూ బజారుకు పోయే తెల్లద్రాక్షే వేశారు. లూర్దమ్మ భర్త రాయపరెడ్డి ఒక్కడే నల్లద్రాక్ష వేశాడు. నల్లద్రాక్ష ఎవడు కొంటాడు రెడ్డీ, గింజలుమ్ముకోలేక చస్తారు అని చుట్టుపక్కలవాళ్లు ఆటపట్టించారు. ఆయన లెక్కచేయలేదు. ఆయనకు కావలసింది తినే ద్రాక్ష కాదు, వైను.

ఆయన తోటలో మూడు రకాలుండేవి. బెంగళూరు బ్లూ తోలు మందం, పులుపు, సిరా లాంటి రంగు. షిరాజ్‌కు చిక్కదనముంది, మిరియం లాంటి చిరుఘాటుంది. గులాబీ అనే మూడో రకానికి పేరులోనే ఉన్న వాసన తప్ప వేరే గొప్పేమీ లేదు, కానీ అది లేకపోతే మిగతా రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవని ఆయన నమ్మకం. షిరాజ్ మాంసానికి, బ్లూ చేపల పులుసుకి, గులాబీ మనసుకి అనేవాడు. మూడూ కలిస్తే వచ్చేది ఎర్రమెట్ట వైను. సీసాల మీద చీటీలు కూడా ఉండేవి కావు. పూజకు కావాలని చర్చి ఫాదర్లు, సరదాకని పట్నం డాక్టర్లు ఇంటికొచ్చి పట్టుకుపోయేవాళ్లు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటుంది. వైనును ఉత్తినే నోట్లో పెట్టకూడదు. "చర్చిలో అప్పంతో, ఇంట్లో అన్నంతో. ఊరికే తాగితే అది మందు" అనేవాడు రాయపరెడ్డి. తాగడమే కాదు, కలపడం కూడా భోజనాల బల్ల దగ్గరే. మూడు జగ్గుల్లో మూడు వైన్లు, ముందు వరసగా స్టీలు గ్లాసులు. లూర్దమ్మ వండి వడ్డించేది. ఆయన ఓ ముద్ద తినడం, కాస్త కలపడం, గ్లాసు ఆమెకందించడం. ఆమె కూడా ముద్ద మింగి, గుక్క తాగి, "ఇంకా" అనేది. ఆయన మళ్లీ కలిపేవాడు. ఆమె "చాలు" అన్నదాకా అదే తంతు. ఏటికేడు వానలు మారతాయి, పంట మారుతుంది, కాబట్టి పాళ్లూ మారేవి. మారనిది రుచి ఒక్కటే. అది ఆయన చేతిలో, ఆమె నోట్లో ఉండేది. కాగితం మీద పెట్టాలని ఇద్దరికీ ఎప్పుడూ తోచలేదు.

తర్వాత బోర్లు ఎండిపోయాయి. ఎండలు ముదిరి గుత్తులు పందిట్లోనే ఉడికిపోయాయి. పక్క తోటలు ఒక్కొక్కటే ప్లాట్లయ్యాయి. రాయపరెడ్డి పోయిన ఏడాదే ఎర్రమెట్టలో ఆఖరి తీగ కూడా పెరికేశారు. లూర్దమ్మ పట్నంలో రెండు గదుల ఫ్లాటుకు మారింది.

కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ ఎప్పుడో రాయపరెడ్డి ఇచ్చిన కొమ్మలు ఒక పరిశోధన తోటలో బతికే ఉన్నాయి. వాటిని అనంతగిరి కొండవాలు మీద కొందరు ఆడవాళ్లు సంఘం పెట్టుకుని నాటారు. మూడు రకాలూ కాశాయి, మూడు వైన్లూ ట్యాంకుల్లో తయారయ్యాయి. వాళ్లు లూర్దమ్మను వెతుక్కుంటూ వచ్చి, అమ్మా, నువ్వే కలిపిపెట్టాలి అన్నారు. ఆమె సంబరంగా వెళ్లింది. కానీ కలిపే చెయ్యి ఆమెది కాదాయె. ఆ ఆడవాళ్లు కలిపిచ్చిన గ్లాసులు రుచి చూసీ చూసీ సాయంత్రానికి ఆమెకు ఏది ఏదో తెలియకుండా పోయింది. కొత్త రుచులు పాత రుచి మీద మేట వేస్తున్నాయని భయపడి, ఇంటికొచ్చి మేనకోడలికి ఫోను చేసింది.

"నీ మిషనుతో నా నోట్లోది తియ్యొచ్చంటివి గదా. నేను దాన్ని పాడుచేసుకోకముందే తియ్యవే."

*

ఆ యంత్రం రుచిని ఎలా తీస్తుందో జసింత అత్తకు బెల్లం పాకంతో పోల్చి చెప్పింది. మనం ఒక సంగతిని గుర్తు తెచ్చుకున్నప్పుడల్లా అది గట్టిపడ్డ పాకం కరిగినట్టు మెత్తబడుతుంది, కాసేపటికి మళ్లీ గడ్డకడుతుంది. మెత్తగా ఉన్న ఆ కాసేపట్లోనే యంత్రం అందులోని రుచిని చదవగలదు. అయితే చదివింది మళ్లీ గడ్డకట్టదు.

ఈ రెండో సంగతి మొదట్లో ఆమెకు తెలియదు. యంత్రానికి మొదటి మేత ఆమే. కాలేజీ హాస్టలు ఉప్మా రుచిని ఇచ్చింది. అది పోయింది, పోయినందుకు ఆమె ఒక్కరోజు కూడా బాధపడలేదు. తర్వాత సీతాఫలం రుచి ఇచ్చింది. మర్నాడు నుస్రత్ నవ్వుతూ, "అక్కా, మహబూబ్‌నగర్ రోడ్డు మీద బస్సు ఆగిపోతే గంపెడు సీతాఫలాలు తిన్నం చూడు, నువ్వు గింజలు ఉమ్ముకుంట పాట పాడినవ్" అంది. జసింత తెల్లమొహం వేసింది. బస్సు లేదు, రోడ్డు లేదు, పాట లేదు. రుచిని లాగితే దాన్ని పట్టుకుని రోజంతా వచ్చేసింది. వాళ్లిద్దరూ గట్టి స్నేహితులైంది ఆ రోజేనని నుస్రత్ చెబితేనే తెలిసింది.

అందుకే అత్తను కుర్చీలో కూర్చోబెట్టే ముందు ఒకటికి పదిసార్లు చెప్పింది. గోంగూర దెబ్బ తిన్నాక మళ్లీ చెప్పింది.

"ఇంక వద్దత్తా. ఒక రోజు పోయింది, చాలు. వైనూ కూరా విడదీయాలంటే ఇంకా కొన్ని పూటలు కావాలి. వేరే వేరే కూరలతో తిన్నవి. అన్నిట్లోనూ ఏది మారకుండా ఉందో అది వైను. అంటే ఆ పూటలన్నీ పోతాయి."

"పోతే పోనీ."

"మామతో ఉన్న రోజులత్తా అవి!"

లూర్దమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తలెత్తలేదు. "రోజులు నాతోటే పోతాయే. ఇయ్యాల కాకపోతే రేపు. ఆ వైను మాత్రం మీ మామ చేతిది. తోట లేదు, ఇల్లు లేదు, పిల్లల్లేరు. ఆయన ఈ లోకంలో ఉన్నాడనటానికి ఏదో ఒకటి మిగలొద్దా?"

పిల్లల్లేరు అన్న మాట జసింతకు ఎక్కడో తగిలింది. అత్త ఏ ఉద్దేశమూ లేకుండా అన్నదని తెలుసు. తనను తొమ్మిదేళ్లప్పుడు తెచ్చుకుని, పెంచి, చదివించి ఇంతదాన్ని చేసింది ఈ చేతులే. అయినా తగిలింది. అది పాత ముల్లు, ఎప్పుడూ ఎవరికీ చూపించింది కాదు.

తర్వాతి వారం అత్త కొరమీను పులుసు తిన్న పూటను యంత్రానికిచ్చింది. కుర్చీలో కూర్చుని, తలకు తీగెల టోపీ పెట్టుకుని, లూర్దమ్మ ఆ రోజును బయటికి చెబుతూ పోయింది. మట్టల ఆదివారం, కొత్తకుండలో పులుసు, మామిడికాయ ముక్కలు, చిగుళ్లో ముల్లు గుచ్చుకుందని రాయపరెడ్డి చేసిన నానా యాగీ, ఆ ముల్లు తీయడానికి ఊళ్లో పళ్ల డాక్టరు దాకా వెళ్లడం. జసింత పక్కన కూర్చుని వింటూ కడుపుబ్బ నవ్వింది. నవ్వుతుండగానే నుస్రత్ మీట నొక్కింది. లూర్దమ్మ మధ్యలో ఆగిపోయి, "ఆ, ఏం చెబుతున్నా?" అంది.

ఆ తర్వాత నాటుకోడి కూర, గారెల పూట. పెళ్లయిన కొత్తలోది. పందిరి కింద మంచం వేసుకుని ఇద్దరే తిన్నది. ఆ పూట ఏం జరిగిందో లూర్దమ్మ పైకి చెప్పలేదు. కళ్లు మూసుకుని లోపల్లోపలే తలుచుకుంది, పెదవుల మీద సిగ్గుతో కూడిన చిన్న నవ్వు మాత్రం కనిపించింది. యంత్రం ఆగాక ఆ నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది, దేనికో ఆమెకే తెలియకుండా.

ఇంటికి తీసుకెళ్లేటప్పుడు కారులో జసింత కొరమీను ముల్లు కథ చెప్పింది. లూర్దమ్మ కొత్తకథ విన్నట్టు పకపకా నవ్వింది.

"డాక్టరు దాకా పోయాడా? ఇదెప్పుడే! మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు."

జసింత మళ్లీ చెప్పింది. చెబుతూ ఏడుపు ఆపుకుంది. మొన్నటి దాకా ఈ కథ చెప్పేది అత్త, వినేది తను.

*

లెక్కలు కట్టి నుస్రత్ పెదవి విరిచింది.

గోంగూర పోయింది, చింతపండు పోయింది, కోడి పోయింది. కానీ మూడు పూటల్లోనూ ఒకటి అంటిపెట్టుకునే ఉంది. కారం. ఆ ఇంట్లో కారం లేని కూర లేదు, కూర లేని వైను లేదు. కాబట్టి యంత్రం దృష్టిలో కారం కూడా వైనులో భాగమే.

"ఇంకో వంద పూటలు తీసినా గిదే కథ అక్కా. కారం లేకుంట తిన్న ఒక్క పూట గావాలె. ఒక్కటి ఉంటే సాఫ్ అయితది."

జసింత అత్తనడిగింది. లూర్దమ్మ ముందు నవ్వేసింది. "గుంటూరోళ్ల ఇంట్లో కారం లేని పూటా? జరమొస్తే తాగే జావలో కూడా మీ మామ మిరియాలు దంచి ఏసేవాడు." తర్వాత నవ్వు ఆపింది.

"ఒకటుందే," అంది చివరికి. "నువ్వొచ్చిన రోజు."

జసింతకు ఆ మాట పూర్తికాకముందే తెలిసిపోయింది.

అమ్మానాన్నలను నరసరావుపేట రోడ్డు మీద లారీ కొట్టేసింది. సమాధి కార్యక్రమం అయ్యాక అత్తా మామా ఆమెను బస్సెక్కించుకుని ఎర్రమెట్టకు తెచ్చారు. చేరేసరికి మధ్యాహ్నం. తోడబుట్టినవాడు పోయాడని లూర్దమ్మ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. ఉన్నదల్లా దారిలో కొన్న డబల్ రొట్టె. పిల్ల నిన్నటినుంచీ ఏమీ తినలేదు, ఏం పెట్టినా ఉమ్మేస్తోంది. రాయపరెడ్డికి ఏం చేయాలో తోచలేదు. రొట్టె తుంచి, గ్లాసులో కొద్దిగా వైను పోసి, అందులో అద్ది, "మా బంగారుతల్లి కదూ, ఇది మన తోటదిరా" అంటూ నోటికందించాడు. పులుపూ తీపీ వగరూ కలిసి నోరంతా నిండింది. వెచ్చగా లోపలికి దిగింది. పిల్ల మింగింది. మళ్లీ నోరు తెరిచింది.

అప్పుడు తల తిప్పి అత్త కోసం చూసింది. అత్త వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, తోట వైపు తిరిగి. ముడి వదులై జారిన జుట్టు, చెమటకు తడిసిన రవిక వీపు. మామ వైనులో అద్ది ఇచ్చిన రొట్టెముక్క అటు తిరిగే నోట్లో పెట్టుకుంది. ఎంతసేపు చూసినా ఇటు తిరగలేదు.

తొమ్మిదేళ్ల పిల్లకు అది అర్థమైన తీరు ఒక్కటే. ఈవిడకు నేను రావడం ఇష్టం లేదు.

ఆ తర్వాత అత్త ఆమెను ఒక్క మాట అనలేదు. తల దువ్వింది, ఫీజులు కట్టింది, పరీక్షలప్పుడు పక్కన కూర్చుని జపమాల చెప్పుకుంది. అయినా ఆ వీపు జసింత కళ్లముందునుంచి కదల్లేదు. ఏ చిన్న మాటకైనా అది వచ్చి నిలబడేది. పిల్లల్లేరు అన్నప్పుడు కూడా అదే వచ్చింది. అడిగేస్తే పోయేదే. అడిగితే నిజమని తేలుతుందేమోనని ఇన్నేళ్లూ అడగలేదు.

"ఆ రోజు ఇచ్చేస్తానే," అంటోంది లూర్దమ్మ. "చావు కబురుతో మొదలైన రోజు. నాకెందుకది? నువ్వు నా ఎదురుగా ఉన్నావు, అంతేగా కావాల్సింది."

"చూద్దాంలే అత్తా," అంది జసింత.

*

మర్నాడు పొద్దున్నే ప్రయోగశాలకు వచ్చి జసింత ఆ కుర్చీలో తనే కూర్చుంది.

"ఏందక్కా ఇది?" అంది నుస్రత్.

"అత్త ఆ పూట కూడా ఇచ్చేస్తే వైను తయారవుతుంది. అది మామ వైనేనని చెప్పేది ఎవరు? కారం అంటని పూట ఆమె దగ్గర ఇక ఒక్కటీ ఉండదు. మనం ఏది పోసినా బాగుంది అంటుంది. నువ్వే చెప్పు, సరిచూడటానికి ఒక్క నాలుకైనా మిగలాలా వద్దా?"

లెక్క సరైనదే. ఆ రొట్టె జసింత కూడా తిన్నది, ఆమె నాలుక కొలతలు యంత్రానికి మొదటినుంచీ తెలుసు. కానీ లెక్క ఒక్కటే కారణం కాదని ఆ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. తనను తెచ్చుకున్న రోజును అత్త మరిచిపోవడం ఆమె తట్టుకోలేదు. ఇష్టంతో తెచ్చుకున్నా, ఇష్టం లేక తెచ్చుకున్నా, తెచ్చుకున్నది ఆ రోజే.

"మరి నీకు? నువ్వు ఆ ఇంటికెట్ల వచ్చినవో నీకు యాది ఉండదు కదా," అంది నుస్రత్. "సీతాఫలాలు పోతేనే నాకు ఎంత బాధైందో నీకు తెల్వదు."

"వచ్చానని తెలుస్తుందిగా. అది చాలు. అత్తకు మాత్రం చెప్పకు, లెక్కల్లో సర్దామని చెబుదాం. నొక్కు."

జసింత కళ్లు మూసుకుంది. బస్సు వాసన, రాతిస్తంభాలు, మామ వేళ్లకంటిన ఎర్రరంగు, రొట్టె. ఆపకుండా చివరిదాకా వెళ్లింది. గుమ్మం, తోట వెలుగు, తడిసిన వీపు. దాన్ని ఒక్కసారి బాగా చూసుకుంది.

కళ్లు తెరిచేసరికి నుస్రత్ ముక్కు చీదుకుంటోంది.

"ఎందుకేడుస్తున్నావే?" అంది జసింత.

"ఏం లేదక్కా. ఎర్రమెట్టకు ఎట్ల వచ్చినవో చెప్పు జర."

"అమ్మానాన్నా పోయాక అత్తా మామా తీసుకొచ్చారు." ఇంకా చెప్పబోయి ఆగింది. సమాధుల దగ్గర పూలు గుర్తున్నాయి. ఆ తర్వాత, ఒక పొద్దున పందిరి కింద నిలబడి పళ్లు తోముకుంటుంటే పైనుంచి ద్రాక్షాకు రాలి భుజం మీద పడటం గుర్తుంది. ఆ రెంటికీ నడుమ ఏమీ లేదు. వెతికింది. ఏదో పోయిందని తెలుస్తోంది గానీ ఏం పోయిందో తెలియడం లేదు. వింతగా, గుండెల్లో కాస్త తేలిగ్గా కూడా ఉంది.

*

కొత్త పాళ్లతో అనంతగిరి ఆడవాళ్లు కలిపి పంపిన వైను సీసా పట్టుకుని జసింత అత్త ఫ్లాటుకు వెళ్లేసరికి ఎండ వాలుతోంది. లూర్దమ్మ అప్పటికే గోంగూర మటన్ వండి పెట్టింది, ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది. జసింత మూత కూడా తీయనివ్వలేదు.

"ముందు దీంతో చూడు," అని సంచిలోంచి నుస్రత్ కొనమన్న డబల్ రొట్టె తీసింది.

లూర్దమ్మ ఆ రొట్టెను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. రెండు స్టీలు గ్లాసులు తెచ్చింది. ముక్క తుంచి, వైనులో అద్ది, నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. మింగాక కూడా దవడలు కదులుతూనే ఉన్నాయి. జసింత వాటినే చూస్తోంది. రెండేళ్ల పని, మూడు పూటలు, ఆ కొండ మీద ఆడవాళ్ల ఆశ, అన్నీ ఆ దవడల మధ్య ఉన్నాయి.

"ఇదేనే," అంది లూర్దమ్మ. "ఇదే. చాలు."

అలా అని లేచి, బాల్కనీ తలుపు దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడింది.

జసింత ఒక్క క్షణం ఆగలేదు. వెనకే వెళ్లి, భుజాలు పట్టుకుని తన వైపు తిప్పుకుంది. అత్త మొహమంతా కన్నీళ్లు.

"ఏడుపొస్తే ఇటు తిరిగి ఏడవొచ్చుగా అత్తా! అటెందుకు పోతావు?"

"నా ఖర్మ అదేనే," అంది లూర్దమ్మ, ముక్కు తుడుచుకుంటూ. "ఆ రోజూ అంతేగా. అప్పుడే రెండు రొట్టెముక్కలు లోపలికి పోతున్నాయి నీకు. నా ఏడుపు చూస్తే బెదిరి మళ్లీ మానేస్తావని గుమ్మంలో అటు తిరిగి నిలబడ్డా. వీపు మంట పుట్టినట్టయింది, నువ్వు చూస్తున్నావని తెలుస్తానే ఉంది. ఇటు తిరిగితే గుండె పగిలిపోద్దనిపించింది. ఇది నన్నెట్టా అనుకుంటుందో అని ఎన్ని రాత్రులు కుమిలానో. చెప్దామనుకుంటా, నోరు రాదు. ఇయ్యాలన్నా చెప్పవే. ఏమనుకున్నావే నన్ను ఆనాడు?"

జసింత వెతికింది. అత్త కళ్లలోకి చూస్తూ, తన లోపల ఉన్నదంతా తిరగేసి వెతికింది. ఏమీ అనుకోలేదు అత్తా అని చెప్పేయొచ్చు. కానీ ఇంతకాలం దాచుకుని అడిగిన మాటకు అబద్ధం చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు.

"నాకు గుర్తు లేదత్తా," అంది.

లూర్దమ్మకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. బల్ల మీద సీసా వైపు చూసింది, రొట్టె వైపు చూసింది. చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది.

"లెక్కల్లో సర్దామంటివే! నా రోజు తియ్యకుండా నీ రోజు తీశావా?"

జసింత తలూపింది.

"ఎంత పని చేశావే ముండా! ఎవరడిగారే నిన్ను?" అంటూ లూర్దమ్మ ఆమె భుజం మీద కొట్టింది. ఇంకోసారి కొట్టబోయి ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుంది. "ఈ ఒక్క మాట నీకు చెప్పుకోవాలని ముప్పయ్యేళ్లు మోశానే నేను. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?"

"నాకే చెప్పు. మొదటినుంచి చెప్పు."

కూర చల్లారిపోతోంది. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. లూర్దమ్మ కళ్లు తుడుచుకుని మొదలుపెట్టింది. పొయ్యి వెలిగించని ఇల్లు, ఏమీ తినని పిల్ల, ఎర్రబడ్డ మామ వేళ్లు, వైనులో అద్దిన రొట్టె. జసింత గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, మధ్య మధ్య ముక్క తుంచుకుని తింటూ, ఎక్కడో ఎవరింట్లోనో జరిగిన కథ విన్నట్టు వింది. అత్త గుమ్మంలో అటు తిరిగి నిలబడిన చోటుకు వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయ్యో, పాపం," అంది. "ఆ పిల్ల ఏమనుకుందో అత్తా!"

లూర్దమ్మ ఆమె తల నిమురుతూ ఉండిపోయింది.